బాత్‌రూమ్ నేల కింద హీటింగ్: టైల్స్ పడకముందే తెలుసుకోవాల్సిన అపోహలు - వాస్తవాలు

నేను న్యూజెర్సీలో ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. చలికాలం దగ్గరపడితే చాలు, మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, బాత్‌రూమ్ ఎలాగూ మార్పిస్తున్నాం, నేల కింద హీటింగ్ మ్యాట్ కూడా వేయించేద్దామా?" వేయించండి. కాకపోతే ముందు ఈ నాలుగు మాటలు వినండి.

అపోహ: అది టైల్స్ పనిలో భాగమే, పర్మిట్ ఎందుకు?

మ్యాట్ అంటే జాలీకి హీటింగ్ వైరు అతికించిన చాప. దాన్ని టైల్స్ మేస్త్రీయే పరిచినా, దానికి కరెంటు కొత్త వైరింగ్‌తోనే రావాలి. దానికి టౌన్‌షిప్ నుంచి ఎలక్ట్రికల్ పర్మిట్ తీసుకోవాలి, ఇన్‌స్పెక్టర్ చూసేదాకా కప్పకూడదు. టైల్ పడ్డాక ఆయనకూ కనబడదు, మీకూ కనబడదు.

పోయినేడాది ఓ ఇంట్లో 40 చదరపు అడుగుల మ్యాట్ వేశాం. అడుగుకు 12 వాట్ల చొప్పున 480 వాట్లు. 120 వోల్టుల మ్యాట్ కాబట్టి 4 ఆంపియర్లు లాగుతుంది, వైరు రెసిస్టెన్స్ మీటర్‌లో 30 ఓమ్‌ల దగ్గర చూపాలి. పెట్టె విప్పగానే 30. పరిచాక 30. టైల్స్ అయ్యాక మీటర్‌లో ఏమీ లేదు! తాపీ అంచు తగిలి వైరు తెగింది. చోటు కనిపెట్టి, రెండు టైల్స్ పగలగొట్టి అతికించాం. అప్పట్నుంచి మేస్త్రీ పని చేస్తున్నంతసేపూ, వైరు తెగితే కూసే చిన్న అలారం తగిలించి పెడుతున్నాను.

అపోహ: తడి నేల కింద కరెంటంటే షాక్ కొడుతుంది.

అందుకే నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 424వ ఆర్టికల్ బాత్‌రూమ్ నేల హీటింగ్‌కు జీఎఫ్‌సీఐ అనే షాక్ రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది. సుమారు 5 మిల్లీ ఆంపియర్లు లీకైనా సరఫరా ఆగిపోతుంది. ఈ మ్యాట్లకు వాడే చాలా థర్మోస్టాట్లలో అది లోపలే ఉంటుంది. టెన్షన్ పడేబదులు నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కండి.

అపోహ: మ్యాట్ లాగేది 4 ఆంపియర్లేగా, బాత్‌రూమ్ ప్లగ్గుల సర్క్యూట్‌కే కలిపేయొచ్చు.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ 20 ఆంపియర్ల సర్క్యూట్ రెండు బాత్‌రూమ్‌ల ప్లగ్గులకు వెళ్తుంటే దానికి ఇంకేదీ కలపకూడదు. ఒక్క బాత్‌రూమ్‌కే అయినా, 1,500 వాట్ల హెయిర్ డ్రయర్ ఒక్కటే 12.5 ఆంపియర్లు లాగేస్తుంది. నేనైతే విడిగా సర్క్యూట్ లాగుతాను.

అపోహ: మ్యాట్ పొడవైతే కోసేసుకోవచ్చు.

కింది జాలీని కోసి మ్యాట్‌ను తిప్పుకోవచ్చు, హీటింగ్ వైరును మాత్రం కోయకూడదు. వైరు పొట్టిదైతే రెసిస్టెన్స్ తగ్గి, కరెంటు పెరిగి, మితిమీరి వేడెక్కుతుంది. మిగిలిన భాగాన్ని వ్యానిటీ (సింక్ కింద ఉండే అల్మారా) కిందకి తోసేయడమూ కుదరదు, అక్కడ వేడి బయటికి పోదు. టేపు పట్టుకుని ఖాళీ నేలను మాత్రమే కొలిచి, అంతకన్నా కాస్త చిన్న మ్యాటే ఆర్డర్ చేయండి.