ఫొటోలో కదలిక: అపోహలు, వాస్తవాలు

అపోహ: బ్లర్ వచ్చిందంటే ఫొటో పోయినట్టే.

వాస్తవం: చెయ్యి వణికి ఫ్రేమంతా షేక్ అయితే పోయినట్టే. కదిలేది ఒక్కటే బ్లర్ అయి, పక్కన ఇంకేదో కదలకుండా స్పష్టంగా ఉంటే ఆ ఫొటోకు ప్రాణం వస్తుంది. 1838లో ఫొటోగ్రఫీ ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్‌లో తీసిన వీధి ఫొటోలో ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుతురు పడే సమయం) నిమిషాల తరబడి సాగింది. నడిచేవాళ్లు, బళ్లు అసలు పడనే లేదు. బూట్లు పాలిష్ చేయించుకుంటూ ఒకచోటే నిలబడ్డ మనిషి మాత్రం మిగిలాడు.

అపోహ: ప్యానింగ్ (కదిలేదానితోపాటే కెమెరాను తిప్పుతూ ఫొటో తీయడం) కుదరడం అదృష్టం.

వాస్తవం: కాదు, పూర్తిగా సాధన. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో వెళ్లే సైకిల్ సెకనుకు 5 మీటర్లు జరుగుతుంది. షటర్ (వెలుతురును లోపలికి వదిలే తెర) సెకనులో 1/1000 వంతు తెరిచి ఉంచితే ఆలోపు జరిగేది 5 మిల్లీమీటర్లే, 1/30కి దాదాపు 17 సెంటీమీటర్లు. ఆ 17 సెంటీమీటర్లూ కెమెరా దానితోపాటే తిరగాలి. పాదాలు కదపకుండా నడుము తిప్పండి. సైకిల్ దూరంగా ఉన్నప్పుడే వ్యూఫైండర్‌లో పట్టుకోండి. బటన్ నొక్కాక కూడా తిరుగుతూనే ఉండండి. చాలామంది క్లిక్ శబ్దం వినగానే ఆగిపోతారు, ఫొటో చెడేది అక్కడే. కుదిరిందంటే ముఖం స్పష్టంగా ఉంటుంది, చక్రంలో పుల్లలు కలిసిపోయి పలుచని పళ్లెంలా కనిపిస్తాయి, వెనక చెట్లు గీతలవుతాయి. మొదట్లో యాభై తీస్తే రెండు దక్కినా సంతోషించండి.

అపోహ: స్టెబిలైజేషన్ ఉంటే బ్లర్ రాదు.

వాస్తవం: అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదుటివాళ్ల కదలికను ఆపదు.

అపోహ: షటర్ ఎంత నెమ్మదిస్తే జలపాతం అంత అందం.

వాస్తవం: నేను ఒప్పుకోను. 30 సెకన్లు తెరిచి ఉంచితే నీళ్లు పొగమంచులా మారి, వాటి బలమంతా పోతుంది. పావు సెకను, అర సెకను దగ్గర ధారలు విడివిడిగా తెలుస్తాయి, రాయిని తాకి విరిగే చోటూ కనబడుతుంది.

అపోహ: ఎండలో షటర్‌ను ఇలా నెమ్మదింపజేయడం సాధ్యం కాదు.

వాస్తవం: మంచి ఎండలో ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 100, ఎఫ్/16 (లెన్స్ రంధ్రం కొలత; అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) పెడితే షటర్ 1/100 సెకను దగ్గర ఉంటుంది. లెన్స్ ముందు పెట్టే నల్లద్దం లాంటి 6 స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కు వెలుతురు సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్ వెలుతురును 64 వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తుంది కాబట్టి అర సెకను దాటిపోవచ్చు. ఫిల్టర్ లేదని ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర వెలుతురు వంగి చెదరడం) వల్ల ఫొటో మొత్తం స్పష్టత తగ్గి కాస్త మెత్తబడుతుంది. దానికంటే ట్రైపాడ్ మీద వరుసగా ఇరవై ఫొటోలు తీసి, సాఫ్ట్‌వేర్‌లో వాటి సగటు తీయండి. నీళ్లు నునుపుగా వస్తాయి, నాయిస్ (ఫొటోలో చుక్కలు చుక్కలుగా కనిపించే గరుకుదనం) కూడా తగ్గుతుంది.