బ్రేక్ నొక్కితే ఇండికేటర్ వెలగడమేంటి?

పాత అంబాసిడర్లలో తరచూ కనిపించే వింత ఒకటుంది. లైట్లన్నీ ఆపేసి బ్రేక్ నొక్కితే, వెనక ఒక వైపు బ్రేక్ లైటు ఉందా లేదా అన్నట్టు మసగ్గా వెలుగుతుంది, అదే వైపు ముందున్న ఇండికేటర్ కూడా ఎవరూ వేయకుండానే సన్నగా వెలుగుతుంది. చూసినవాళ్లు వైర్లు ఎక్కడో కలిసిపోయాయనుకుంటారు. షెడ్డుకి తీసుకెళ్తే ‘మొత్తం వైరింగ్ మార్చాలి సార్’ అనే మాట వినబడుతుంది. చాలాసార్లు అసలు లోపం వెనక లైటు హోల్డర్ని బాడీకి బిగించిన ఒక్క స్క్రూ దగ్గర ఉంటుంది.

ఇంట్లో బల్బుకి రెండు వైర్లు వస్తాయి. కారులో ఒక్కటే వస్తుంది, తిరుగు దారి ఇనుప బాడీనే. దాన్నే ఎర్త్ అంటాం. పేరుకి ఎర్త్ అయినా భూమితో దానికి ఏ సంబంధం లేదు, టైర్లు రబ్బరువి కదా. బల్బు నుంచి హోల్డర్‌కి, హోల్డర్ నుంచి స్క్రూ ద్వారా బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగి చేరాలి. ఆ స్క్రూ కింద తుప్పు పట్టినా, డెంటింగ్ పెయింటింగ్ చేయించినప్పుడు పెయింటు పొర పడినా దారి మూసుకుపోతుంది. అప్పుడు బ్రేక్ బల్బు ఫిలమెంటు (లోపల వెలిగే సన్నటి తీగ) దాటిన కరెంటు హోల్డర్ దాకా వచ్చి ఆగుతుంది, పక్కనే అదే హోల్డర్‌ని పంచుకుంటున్న ఇండికేటర్ బల్బులోకి వెనక నుంచి దూరి, ఇండికేటర్ వైరు మీదుగా ముందు బల్బుకి వెళ్లి, అక్కడున్న మంచి ఎర్త్‌లో దిగుతుంది. 12 వోల్టులు మూడు ఫిలమెంట్లు పంచుకోవాల్సి వచ్చింది కాబట్టి ఒక్కటీ సరిగ్గా వెలగదు. కొన్నిసార్లు కరెంటు పార్కింగ్ లైట్ల వైరులోకీ వెళ్తుంది, అప్పుడు బ్రేక్ నొక్కినప్పుడల్లా డాష్‌బోర్డు లైట్లు మినుకుమంటాయి.

దీన్ని తేల్చడానికి మీటరు కూడా అక్కర్లేదు. పొడుగాటి వైరు ముక్క తీసుకుని ఒక కొస బ్యాటరీ ఎర్త్ వైపు, రెండోది ఆ బల్బు హోల్డర్ లోహానికి ఆనించండి. బ్రేక్ లైటు భగ్గున వెలిగిందంటే దొంగ దొరికినట్టే. స్క్రూ విప్పి, కింద రేకు మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్ది, కాస్త వాసెలిన్ రాసి బిగిస్తే సరిపోతుంది.

హెడ్‌లైట్లు పసుపుపచ్చగా, నీరసంగా వెలగడం ఇంకో తలనొప్పి. దీనికి బల్బు మార్చడం మొదటి మందు, ఇంకా ఎక్కువ వాట్ల బల్బు వేయడం రెండో మందు. నా లెక్కలో రెండోది మందు కాదు, విషం. ఎందుకో చూద్దాం. ఫిలమెంటు బల్బు కాంతి వోల్టేజీతో సమానంగా తగ్గదు, చాలా వేగంగా తగ్గుతుంది. దాదాపు వోల్టేజీ 3.4వ ఘాతంతో మారుతుందని లెక్క. 12 వోల్టుల బల్బుకి 11 అందితే నాలుగో వంతు వెలుగు పోతుంది, 10 అందితే మిగిలేది సగం కంటే కొంచెం ఎక్కువ. పల్లెల్లో సాయంత్రం లో వోల్టేజీలో బల్బు ఎలా ఎర్రబడేదో గుర్తున్నవాళ్లకి ఇది కొత్త కాదు.

మరి ఆ ఒకటి రెండు వోల్టులు ఎక్కడ పోతున్నాయి? 60 వాట్ల బల్బులు రెండు కలిసి సుమారు 10 ఆంపియర్లు లాగుతాయి. దారిలో ఎక్కడైనా 0.1 ఓం అడ్డు ఉంటే చాలు, ఒక వోల్టు అక్కడే ఖర్చవుతుంది, 10 వాట్ల వేడి అక్కడే పుడుతుంది. అంబాసిడర్‌కి మూలమైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కాలపు బ్రిటిష్ కార్లలో రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) ఉండేది కాదు, హెడ్‌లైట్ల కరెంటంతా డాష్‌బోర్డు స్విచ్ గుండా, అక్కడి నుంచి క్లచ్ పక్కన కాలితో నొక్కే డిప్పర్ స్విచ్ (హెడ్‌లైటు వెలుగుని పైకీ కిందకీ మార్చేది) గుండా పోయేది. తడి చెప్పులు, మట్టి, దుమ్ము అన్నీ పడే చోట ఆ డిప్పర్. లోపలి రాగి, ఇత్తడి ముక్కలకి చిలుము పట్టకపోతేనే ఆశ్చర్యం. లైట్లు వేసిన కొన్ని నిమిషాలకి స్విచ్ చేతికి వెచ్చగా తగిలితే వెలుగు ఎక్కడ పోతోందో తెలిసిపోతుంది. అలాంటి స్విచ్ మీద 100 వాట్ల బల్బుల బరువు వేస్తే ప్లాస్టిక్ కరుగుతుంది. దానికంటే రిలే పెట్టించుకోవడం మేలు. అప్పుడు స్విచ్ గుండా పోయేది ఆంపియర్‌లో చిన్న భాగమే, అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా బల్బుకి వెళ్తుంది.

మల్టీమీటర్ ఉన్నవాళ్లు చాలామంది దాన్ని ఓమ్స్‌లో పెట్టి వైరు బాగుందో లేదో చూస్తారు. అది నమ్మదగ్గ పరీక్ష కాదు. ఓమ్స్‌లో మీటరు పంపే కరెంటు మరీ స్వల్పం, వైరులో ఇరవై పోగులు తెగి ఒక్క రాగి పోగు మిగిలినా ‘సున్నా, బాగుంది’ అనే చూపిస్తుంది. అదే పోగు మీద 5 ఆంపియర్లు పడితే బండారం బయటపడుతుంది. కాబట్టి లైటు వెలుగుతుండగానే కొలవాలి. మీటరుని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ ఎర్త్ వైపు పోస్టు మీద (వైరు చివరి క్లాంప్ మీద కాదు, బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన పోస్టు మీదే, ఎందుకంటే క్లాంప్‌కీ పోస్టుకీ మధ్యే లోపం ఉండొచ్చు), రెండోది బల్బు హోల్డర్ లోహం మీద పెట్టండి. 0.1, 0.2 వస్తే పర్వాలేదు. ఒక వోల్టు వచ్చిందంటే ఎర్త్ పాడైంది. అక్కడ బాగుంటే సప్లై వైపు కూడా ఇలాగే, పోస్టు నుంచి స్విచ్, స్విచ్ నుంచి డిప్పర్, డిప్పర్ నుంచి బల్బు అంటూ ఒక్కో అడుగు జరుపుకుంటూ వెళ్తే అంకె ఎక్కడ ఎగిరిందో అక్కడే జబ్బు.

లైట్లతో పాటు స్టార్టర్ కూడా నీరసంగా తిరుగుతుంటే ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే అల్లిక పట్టీ చూడండి. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పట్టీయే దానికి ఎర్త్. అది తెగితే స్టార్టర్ కరెంటు చోక్ కేబుల్ మీదుగానో యాక్సిలరేటర్ కేబుల్ మీదుగానో దారి వెతుక్కుంటుంది, కేబుల్ కాలిపోయేంత వేడెక్కుతుంది.

ఫ్యూజుల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ కాలపు బ్రిటిష్ కార్ల ఎలక్ట్రికల్ కంపెనీ లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే ఆంపియర్లు, నిరంతరం మోయగలిగేది 17 మాత్రమే. ఇప్పటి ఫ్యూజుల మీద రాసేది మోసే ఆంపియర్లు. అంకె చూసి 35 ఆంపియర్లది తెచ్చి బిగిస్తే ఫ్యూజుకంటే ముందు వైరు కాలుతుంది. పైగా ఆనాటి చాలా బ్రిటిష్ కార్లలో హెడ్‌లైట్లకి అసలు ఫ్యూజే ఉండదు. రిలే పెట్టించేటప్పుడే దాని లైనులో ఒక ఫ్యూజు వేయించుకోండి.

ఐడిల్‌లో లైట్లు కాస్త తగ్గి, ఇంజన్ వేగం పెరగ్గానే పుంజుకుంటే గాబరా పడొద్దు, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే డైనమో స్వభావమే అంత. కానీ వేగంతో మరీ మిరుమిట్లు గొలిపేలా వెలుగుతూ బల్బులు తరచూ మాడిపోతుంటే డైనమో వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటర్ చూపించాలి. 10 శాతం ఎక్కువ వోల్టేజీతో బల్బు ఆయుష్షు మూడో వంతుకి పడిపోతుంది.

ఎల్ఈడీలు వేద్దామనుకునేవాళ్లు ముందు తమ కారులో బాడీకి కలిపింది నెగటివో పాజిటివో చూసుకోవాలి. 1960ల మధ్య దాకా చాలా బ్రిటిష్ కార్లలో పాజిటివే ఎర్త్, ఫిలమెంటుకి ఎటైనా ఒకటే గానీ ఎల్ఈడీ తిరగేసి వెలగదు. ఇండికేటర్లలో వేస్తే ఇంకో చిక్కు, ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే పాత ఫ్లాషర్ బల్బుల కరెంటుతో వేడెక్కి కొట్టుకుంటుంది, ఎల్ఈడీ లాగే కాస్త కరెంటుకి అది వేడెక్కదు, కొట్టుకోదు. ఫ్లాషర్ కూడా ఎలక్ట్రానిక్‌ది వేసుకోవాలి. నాకైతే ఆ పాత ఫ్లాషర్ టిక్కు టిక్కు చప్పుడే ఇష్టం.