ఏడవని పాప గుండె చప్పుడు

"నేను ఎవరి మీదా ఆధారపడను. చిన్నప్పటి నుంచీ ఇంతే. ఇది నా స్వభావమేనా?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఆ ప్రశ్న చదవగానే నాకు ఏడవని పాప గుర్తొచ్చింది.

1960లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో మనస్తత్వవేత్త మేరీ ఎయిన్స్‌వర్త్ ఏడాది పిల్లలను తల్లితో సహా ఒక కొత్త గదిలో కూర్చోబెట్టారు. తల్లి కాసేపు బయటికి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. మొత్తం 20 నిమిషాల పరీక్ష. ఎయిన్స్‌వర్త్ చూపంతా తల్లి తిరిగొచ్చే క్షణం మీదే. చాలామంది పిల్లలు చంకనెక్కగానే ఊరుకుని బొమ్మల వైపు పోతారు. కొందరు చంకలోనూ కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తారు. ఇంకొందరు అసలు తలెత్తి చూడరు.

ఆ చివరి రకాన్ని చూసి "ఎంత బుద్ధిమంతురాలో!" అనేస్తాం. 1970లలో పరిశోధకులు అలాంటి పిల్లల గుండె వేగం కొలిచారు. చేతులు బొమ్మతో ఆడుతున్నాయి, గుండె మాత్రం దడదడ కొట్టుకుంటోంది. ఏడవగానే ఎత్తుకుంటే పిల్లలు చెడిపోతారని ఇప్పటికీ చెప్పేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ఆ పాపకు ఇంకా మాటలు రావు. ఉన్నది ఒక లెక్క మాత్రమే: ఏడిస్తే అమ్మ దూరం జరుగుతుంది, ఊరుకుంటే కనీసం దగ్గర్లో ఉంటుంది. మనోవైద్యుడు జాన్ బౌల్బీ ఇలాంటి లెక్కలనే మనసులోని పని నమూనా (internal working model) అన్నారు, అంటే ఎదుటివాళ్లు నాతో ఎలా ఉంటారన్న అంచనా. మాటలొచ్చాక ఆ లెక్క "నాకెవరూ రారు" అనే నమ్మకంగా మారవచ్చు. మనస్తత్వవేత్త జెఫ్రీ యంగ్ ఇలా బాల్యంలో పాతుకుపోయి పెద్దయ్యాక ఇబ్బంది పెట్టే స్కీమాలను, అంటే లోతైన నమ్మకాలను, 18 రకాలుగా విడదీశారు: వదిలేస్తారన్న భయం, ప్రేమ దక్కదన్న భావన, నాలోనే లోపముందన్న సిగ్గు వగైరా.

ఇవి ఏళ్ల తరబడి ఎందుకు చెక్కుచెదరవంటే, తమకు కావాల్సిన సాక్ష్యం తామే తయారుచేసుకుంటాయి. సాయం అడగని మనిషికి సాయం అందదు. తను అడగలేదన్న సంగతి మనసు లెక్కలోకి తీసుకోదు, ఎవరూ రాలేదని మాత్రం రాసుకుంటుంది. చంకలోనూ ఏడ్చే ఆ రెండో రకం పిల్లల్లాంటి మనిషికి మెసేజ్‌కు అరగంట జవాబు రాకపోతే టెన్షన్. పదిసార్లు ఫోన్ చేస్తాడు. అవతలివాళ్లు విసుక్కుంటారు. "చూశావా, నేనంటే ఇష్టం లేదు!" భయం విసుగును పుట్టించింది, ఆ విసుగే భయానికి రుజువైంది.

పుట్టుకతో వచ్చే స్వభావానికీ ఇందులో పాత్ర ఉంది. ఏడాది వయసులో కనిపించిన తీరు జీవితాంతం అలాగే ఉండాలనీ లేదు. అందుకే ఆ పాఠకురాలికి ఒక ప్రయోగం చెప్పాను. ఎవరినైనా ఒక చిన్న సాయం అడగండి. అడిగే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో కాగితం మీద రాయండి. అడిగాక నిజంగా ఏం జరిగిందో దాని పక్కనే రాయండి.