ఒకే రోజు రెండు నేలలు: బ్రయాన్ క్లాసన్ కథ

2016 మే 29న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో బ్రయాన్ క్లాసన్ అనే 26 ఏళ్ల డ్రైవరు పగలు ఒక కారు పందెంలో, రాత్రి మరొక కారు పందెంలో పాల్గొన్నాడు. పగటి పందెం ఇండియానాపోలిస్ 500. ఆ ఏడాది అది నూరోసారి జరుగుతోంది. నాలుగు కిలోమీటర్ల తారు ట్రాక్‌పై 200 చుట్లు తిరగవలసిన ఆ పందెంలో క్లాసన్ మూడు చుట్ల పాటు అందరికంటే ముందున్నాడు, చివరకు 23వ స్థానంతో సరిపెట్టుకున్నాడు. అక్కడి నుంచి బయలుదేరి, ఉత్తరాన ఉన్న కొకోమో అనే ఊరికి వెళ్లి, చుట్టుకొలత 400 మీటర్లు మాత్రమే ఉన్న మట్టి ట్రాక్‌పై అదే రాత్రి స్ప్రింట్ కారు, అంటే మట్టి ట్రాక్‌ల కోసం కట్టే తేలికపాటి పందెపు కారు నడిపి గెలిచాడు. ఆ రోజు గురించి రాసినవారు చాలామంది అతని ఓపికను మెచ్చుకున్నారు. ఓపిక మాట నిజమే కానీ, ఆ రోజులోని అసలు విశేషం అది కాదని నా అభిప్రాయం. పగలు ఏ పని చేస్తే ప్రాణాల మీదికి వస్తుందో, సరిగ్గా ఆ పనినే రాత్రి గెలవడం కోసం చేయవలసి వచ్చింది.

ఆ పని కారును పక్కకు జారనివ్వడం. మలుపు తిరిగే కారును లోపలి వైపుకు లాగే బలం టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టు నుంచే వస్తుంది. టైరు చూస్తున్న దిక్కుకూ అది నిజంగా కదులుతున్న దిక్కుకూ మధ్య కొద్దిపాటి కోణం ఏర్పడినప్పుడే ఆ బలం పుడుతుంది. దీనిని జారుడు కోణం అనవచ్చు. తారుపై ఈ కోణం కొన్ని డిగ్రీలకు చేరేసరికి పట్టు గరిష్ఠమవుతుంది, అక్కడి నుంచి కోణం పెరిగిన కొద్దీ తగ్గిపోతుంది. ఇండియానాపోలిస్ 500లో పరుగెత్తే ఇండీకారు గంటకు 350 కిలోమీటర్లకు పైబడిన వేగంతో వెళ్తుంది. దానిని నేలకు అదిమిపెట్టేది రెక్కలపై నుంచీ అడుగు నుంచీ ప్రవహించే గాలి కనుక, కారు అడ్డంగా తిరిగిందంటే టైరు పట్టుతో పాటు ఆ గాలి ఒత్తిడీ పోతుంది. అందుకే తారు డ్రైవరు చేతులు చాలా కొద్దిగా కదులుతాయి, జారుడు మొదలు కాకముందే దానిని పసిగట్టి ఆపడమే అతని విద్య.

వదులు మట్టిపై లెక్క మారిపోతుంది. అడ్డంగా జారే టైరు తన ముందున్న మట్టిని తోస్తుంది, తోసిన మట్టి తిరిగి టైరుకు ఆనికగా నిలుస్తుంది. కోణం బాగా పెరిగినా పట్టు తారుపై పడిపోయినట్టు పడిపోదు. పైగా కారు అడ్డంగా ఉన్నప్పుడు వెనుక చక్రాలు కక్కే శక్తిలో ఒక భాగం కారును మలుపు లోపలి వైపుకే నెడుతుంది. అందువల్ల మట్టి డ్రైవరు మలుపు రాకముందే కారును కావాలని అడ్డం తిప్పుతాడు, ముందు చక్రాలను మలుపుకు ఎదురు దిశలో పెడతాడు, ఆపైన స్టీరింగుతో కంటే యాక్సిలరేటరుతోనే ఎక్కువగా దిశను నడుపుతాడు. చూసేవారికి అది అదుపు తప్పిన కారులా కనిపిస్తుంది. మట్టి పందేలను మొరటు ఆటగా కొట్టిపారేసేవారు తరచుగా ఇక్కడే పొరబడతారు.

ఆ రాత్రి క్లాసన్ నడిపిన స్ప్రింట్ కారు నిర్మాణం కూడా ఈ జారుడు కోసమే ఉంటుంది. బరువు సుమారు 640 కిలోలు. ఇంజను మిథనాల్‌తో నడిచే 6.7 లీటర్ల వి-8, దాని శక్తి 800 అశ్వశక్తికి పైమాటే. గేర్లు మార్చే పెట్టె ఉండదు, స్టార్టరు కూడా ఉండదు కాబట్టి వెనుక నుంచి మరో వాహనం నెట్టి కదిలించాలి. మన రోడ్లపై తిరిగే కార్లకు వెనుక ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ ఉండి, మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే వేగంగా తిరగడానికి వీలు కల్పిస్తుంది. స్ప్రింట్ కారుకు అది లేదు, రెండు వెనుక చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. అందుకు బదులుగా కుడి టైరును ఎడమ టైరు కంటే పెద్దదిగా అమరుస్తారు. బల్లపై అడ్డంగా దొర్లించిన పేపర్ గ్లాసు తిన్నగా పోకుండా గుండ్రంగా తిరిగినట్టే, ఈ జత కూడా తనంతట తానే ఎడమకు తిరుగుతుంది. పందెమంతా ఎడమ మలుపులే కనుక ఇది లాభమే. తిన్నని దారిలో మాత్రం కారు ఒక పక్కకు లాగుతూనే ఉంటుంది, ఎంత తేడా పెట్టాలన్నది ఆ రోజు మట్టిని చూసి జట్టు తీసుకునే నిర్ణయం.

మట్టి అన్నాను కానీ, ట్రాక్‌కు కావలసినది బంకమట్టి పాలు బాగా ఉన్న నేల. బంకమట్టి రేణువులు రెండు మైక్రోమీటర్ల కంటే చిన్నవి, పలకల్లాంటి ఆకారం గలవి. వాటి సందుల్లో సన్నటి నీటి పొరలు ఉన్నప్పుడు, నీటి తలతన్యత వల్ల పుట్టే కేశనాళిక ఆకర్షణ ఆ పలకలను ఒకదాని వైపు మరొకదానిని లాగి నేలకు గట్టిదనాన్ని ఇస్తుంది. నీరు మరీ ఎక్కువైతే సందులన్నీ నిండిపోయి ఆ ఆకర్షణ నశిస్తుంది, నేల జారుతుంది. నీరు ఆవిరైపోతే పైపొర పొడిగా విడిపోయి దుమ్ము లేస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేమలో ట్రాక్‌ను ఉంచడానికి పందేనికి ముందు నీళ్లు చల్లుతారు, దున్నుతారు, మళ్లీ అణగదొక్కుతారు. కొన్నిచోట్ల గాలిలోని తేమను పీల్చుకునే కాల్షియం క్లోరైడును కూడా కలుపుతారు.

అయినా ఆ తేమ నిలకడగా ఉండదు. ప్రతి చుట్టులోనూ టైర్లు నేలను కొంత రాపాడి ఆరబెడతాయి. సాయంత్రం జిగటగా ఉన్న దారి రాత్రి అయ్యేసరికి నల్లగా నిగనిగలాడుతూ నున్నబడుతుంది. టైర్లు చిమ్మిన వదులు మట్టి మలుపు బయటి అంచున ఒక గట్టులా పేరుకుంటుంది. డ్రైవర్లు దీనిని కుషన్ అంటారు. కుడి వెనుక టైరును దానికి ఆనించి నడిపితే నున్నటి దారిపై దొరకని పట్టు అక్కడ దొరుకుతుంది. ఒక అడుగు అటు పోతే కారు గట్టెక్కి పల్టీ కొడుతుంది, ఒక అడుగు ఇటు వస్తే వేగం పోతుంది. తారుపై కూడా పట్టు మారుతుంది కానీ, మట్టిపై పది చుట్ల క్రితం గెలిపించిన గీత ఇప్పుడు ఓడించవచ్చు. నేల రంగును, మెరుపును, వెన్నుకు తగిలే కుదుపును చదువుకుంటూ ఒక చుట్టు ముందుగా నిర్ణయం మార్చుకోగలిగినవాడే ఇక్కడ నిలుస్తాడు.

క్లాసన్ 1989 జూన్ 15న కాలిఫోర్నియాలో పుట్టి, ఇండియానాలోని నోబుల్స్‌విల్‌లో పెరిగాడు. ఈ చదువును చిన్న వయసులోనే మొదలుపెట్టాడు. టీనేజీలోనే ఒక పెద్ద జట్టు చేరదీసి స్టాక్ కార్ల వైపు, అంటే చూడటానికి మామూలు రోడ్డు కార్లలా ఉండే పందెపు కార్ల వైపు నడిపించింది, ఆ దారి ఎక్కువ కాలం సాగలేదు. అతను మళ్లీ మట్టికే వచ్చి, అమెరికా ఆటో క్లబ్బు నిర్వహించే జాతీయ పోటీలలో 2010, 2011 సంవత్సరాలలో స్ప్రింట్ కారు కంటే చిన్నవైన మిడ్జెట్ కార్ల విభాగంలోనూ, 2012, 2013లలో స్ప్రింట్ కార్ల విభాగంలోనూ విజేతగా నిలిచాడు. 2014 జనవరిలో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో, పైకప్పు కింద పోసిన మట్టి ట్రాక్‌పై జరిగే చిలీ బౌల్ అనే మిడ్జెట్ పందేన్ని గెలిచాడు. ఇండియానాపోలిస్ 500లో మూడుసార్లు, అంటే 2012, 2015, 2016లలో పోటీపడ్డాడు. ఆ చివరి సంవత్సరంలో అతను పెట్టుకున్న లక్ష్యం ఏడాదిలో దాదాపు 200 పందేలు. మే 29న పగలూ రాత్రీ పరుగెత్తడం ఆ లెక్కలోని భాగమే.

లెక్క పూర్తి కాలేదు. ఆగస్టు 6న కాన్సాస్ రాష్ట్రంలోని బెల్‌విల్‌లో, ఎత్తైన వాలు మలుపులకు పేరుబడ్డ 800 మీటర్ల మట్టి ట్రాక్‌పై జాతీయ మిడ్జెట్ పందెం జరిగింది. క్లాసన్ ముందంజలో ఉండి, ఒక చుట్టు వెనుకబడిన కారును దాటుతున్నప్పుడు రెండూ తగులుకున్నాయి. అతని కారు పల్టీలు కొట్టి ఆగింది, వెనుక నుంచి వచ్చిన మరో కారు దానిని ఢీకొంది. చక్రాలు బయటికి ఉండే కార్లలో ఈ ప్రమాదం వాటి నిర్మాణంలోనే దాగి ఉంటుంది. ముందుకు పరుగెడుతున్న టైరు వెనుక అంచు ఎప్పుడూ పైకి కదులుతుంది, దాని వెనుక వచ్చే మరో కారు టైరు ముందు అంచు కిందికి కదులుతుంది. ఈ రెండు రబ్బరు అంచులు తాకితే వెనుక చక్రం ముందు చక్రంపైకి ఎగబాకుతుంది. పంజరం లాంటి ఉక్కు చట్రం, బెల్టులు, మెడకు ఆధారమిచ్చే పరికరం శరీరాన్ని చాలావరకు కాపాడగలవు. పుర్రె లోపల ద్రవంలో తేలే మెదడును పట్టి ఆపే బెల్టు మాత్రం లేదు.

క్లాసన్‌ను హెలికాప్టరులో నెబ్రాస్కాలోని లింకన్ నగరానికి తరలించారు. మరుసటి రోజు, 27 ఏళ్ల వయసులో అతను మరణించాడు. అవయవదాతగా ముందే నమోదు చేసుకున్నందున అతని అవయవాలు ఐదుగురికి ప్రాణం పోశాయి. గుండె కూడా వాటిలో ఒకటి.

మనిషి మరణించాక గుండె ఎలా పనికొస్తుందన్న సందేహం సహజం. తీవ్రమైన దెబ్బ తగిలిన మెదడు వాచినప్పుడు, సాగని పుర్రె లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడి రక్తపోటును మించితే మెదడుకు రక్తం అందదు. శ్వాసను నడిపే మెదడు కాండం కూడా నశిస్తే ఇక తిరిగి రావడం ఉండదు. గుండెకు మాత్రం లయను పుట్టించే కణుపు తనలోనే ఉంది కనుక, వెంటిలేటరు ఆక్సిజన్ అందించినంతసేపు అది కొట్టుకుంటూనే ఉంటుంది. బ్రెయిన్ డెత్ అని మన ఆసుపత్రులలో అనేది ఈ స్థితినే. వెలుగుకు కనుపాప స్పందించకపోవడం, వెంటిలేటరు తీస్తే ఊపిరి తీసుకునే ప్రయత్నమే లేకపోవడం వంటి పరీక్షలతో దీనిని నిర్ధారిస్తారు. భారతదేశంలో 1994 నాటి చట్టం ప్రకారం నలుగురు వైద్యులు కనీసం ఆరు గంటల ఎడంతో రెండుసార్లు పరీక్షించాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో జీవన్‌దాన్ పథకం కింద జరిగే అవయవదానాలకు ఆధారం ఈ చట్టమే.

ఆ తరువాత జరిగేది కాలంతో పందెం. బయటికి తీసి చల్లబరచిన గుండె నాలుగు నుంచి ఆరు గంటల్లో మరో శరీరంలో అమరాలి. కాలేయానికి ఇంకొన్ని గంటల గడువు ఉంటుంది, మూత్రపిండాలు ఒక రోజు పైగా ఆగగలవు. రక్తం గ్రూపు, శరీర పరిమాణం, దూరం చూసి ఎవరికి ఏది సరిపోతుందో ఆ వ్యవధిలోనే తేల్చాలి. దాత ముందే నమోదు చేసుకుని ఉంటే అమెరికాలో ఆ సంతకమే అనుమతి. మనవద్ద ప్రతిజ్ఞ చేసినవారి విషయంలోనూ చివరి మాట కుటుంబానిదే కనుక, ఇంట్లోవారికి ఆ కోరిక తెలిసి ఉండటం ఇక్కడ మరింత అవసరం.

ఇండియానాలోని అవయవదాన సంస్థతో కలిసి క్లాసన్ కుటుంబం పందేల మైదానాల్లోనే దాతల నమోదును ప్రచారం చేసింది. అంతకు ఏడాది ముందు, 2015 ఆగస్టులో ప్రమాదంలో మరణించిన ఇండీకారు డ్రైవరు జస్టిన్ విల్సన్ కూడా అవయవదాతే. ఆ కారణంగా ఈ ప్రచారానికి మట్టి ట్రాక్‌ల వారూ తారు ట్రాక్‌ల వారూ కలిసి నిలిచారు. 2018లో ఇండియానాపోలిస్ మోటార్ స్పీడ్‌వే మరో అడుగు వేసింది. 1909లో కంకర, తారు కలిపిన నేలతో మొదలై, అది నిలవక అదే ఏడాది 30 లక్షలకు పైగా ఇటుకలు పరిపించుకున్న ఆ మైదానం, తన మూడో మలుపు లోపలి ఖాళీ స్థలంలో 400 మీటర్ల మట్టి ట్రాక్‌ను కట్టించింది. అక్కడ ఆ సెప్టెంబరులో క్లాసన్ పేరులోని తొలి అక్షరాలనూ అతని కారు సంఖ్యనూ కలిపి బీసీ 39 అని పేరు పెట్టిన మిడ్జెట్ పందేన్ని తొలిసారి నిర్వహించారు. బ్రేడీ బేకన్ దానిని గెలిచాడు. తారు పందేలకు ప్రపంచంలోనే పేరుమోసిన చోట, పందేనికి ముందు నీళ్ల బండిని తిప్పి, బంకమట్టి తేమను చూసుకోవలసి వచ్చింది.