విండోస్ మళ్ళీ వేస్తే ఫైళ్ళు పోతాయా? రిపేర్ బల్ల దగ్గర రోజూ వినే అపోహలు, వాస్తవాలు

"అన్నా, ఫార్మాట్ కొట్టాల. ఫైల్సు మాత్రం ఒక్కటీ పోగూడదు." తిరుపతిలో కంప్యూటర్ రిపేర్ పని చేసే ఎవరినడిగినా రోజూ ఈ మాట వింటామనే చెప్తారు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేశాక ఇది మరీ ఎక్కువైంది. అడిగేవాళ్ళ కోరిక న్యాయమైనదే. కాకపోతే ఓఎస్ (కంప్యూటర్‌ని నడిపే విండోస్ లాంటి సాఫ్ట్‌వేర్) కొత్తగా వేయడం వేరు, డిస్కు తుడిచేయడం వేరు. మొదటిది కావాలంటే రెండోది చేసి తీరాలని ఎక్కడా లేదు. నేను చూసినంతవరకు ఫైళ్ళు పోయిన చోట విండోస్ తప్పు తక్కువ. ఏది ఎక్కడుందో కస్టమర్‌కి తెలియదు, పని చేసేవాడు అడగడు. అక్కడే కొంప మునుగుతుంది.

అపోహ: విండోస్ మళ్ళీ వేయడం అంటే ఫార్మాట్ చేయడమే

ఫార్మాట్ లేకుండానే మూడు దారులున్నాయి.

విండోస్ ఏడుస్తూనో మొత్తుకుంటూనో డెస్క్‌టాప్ దాకా వస్తుంటే రిపేర్ ఇన్‌స్టాల్ చేయొచ్చు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి ఐఎస్ఓ ఫైలు (విండోస్ సీడీ మొత్తం ఒకే ఫైలుగా) దించుకుని, నడుస్తున్న విండోస్ లోపలి నుంచే అందులోని సెటప్ నొక్కాలి. పర్సనల్ ఫైళ్ళు, యాప్‌లు రెండూ ఉంచమనే ఆప్షన్ వస్తుంది. అది ఎంచుకుంటే ట్యాలీ (అకౌంట్ల సాఫ్ట్‌వేర్), ప్రింటర్, ఫోటోలు ఎక్కడివక్కడే ఉండి, పాడైన సిస్టమ్ ఫైళ్ళు మాత్రమే మారతాయి. ఉన్న విండోస్‌దీ ఐఎస్ఓదీ భాష, ఎడిషన్ ఒకటే కావాలి, సి డ్రైవ్‌లో తగినంత ఖాళీ ఉండాలి. చాలామందికి తెలియంది ఏంటంటే, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే, అంటే కంప్యూటర్‌ని దాన్నుంచే మొదలుపెడితే, ఈ ఆప్షన్ పనిచేయదు. పెన్‌డ్రైవ్ అంటే అలవాటు పడిపోయిన టెక్నీషియన్లు ఈ దారి వైపే చూడరు.

రెండోది రీసెట్. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ. "కీప్ మై ఫైల్స్" అంటే మీ ఫోల్డర్లు ఉంటాయి, మీరు వేసుకున్న సాఫ్ట్‌వేర్లు పోతాయి. ఏవి పోయాయో డెస్క్‌టాప్ మీద ఒక లిస్టు కూడా పెడుతుంది. దాని కిందే "రిమూవ్ ఎవ్రీథింగ్" ఉంటుంది, తొందరలో వేలు అక్కడ పడకూడదు. విండోస్ పైకి రాకపోయినా నీలం రంగు రికవరీ స్క్రీన్ నుంచి ఇది చేయొచ్చు. క్లౌడ్ డౌన్‌లోడ్ అంటే దాదాపు 4 జీబీ దించుతుంది, మొబైల్ హాట్‌స్పాట్ మీద ఉంటే చూసుకోండి.

మూడోది పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, పాత పార్టిషన్‌ని (విండోస్ ఉన్న డిస్కు భాగాన్ని) ఫార్మాట్ చేయకుండా దాని మీదే వేయడం. పాత విండోస్, ప్రోగ్రామ్‌లు, యూజర్స్ ఫోల్డర్ "విండోస్ డాట్ ఓల్డ్" అనే ఫోల్డర్‌లోకి చేరతాయి. అందులో యూజర్స్, దాంట్లో మీ పేరు. తెరవబోతే "మీకు పర్మిషన్ లేదు" అంటుంది, కంటిన్యూ నొక్కితే కాసేపటికి తెరుచుకుంటుంది. ఆ మెసేజ్ చూసి ఫైళ్ళు లాకైపోయాయని హడలిపోయినవాళ్ళున్నారు. కావాల్సినవి ఆ రోజే బయటికి తీసుకోండి. డిస్క్ క్లీనప్‌లో "ప్రీవియస్ విండోస్" అన్నదానికి టిక్ పెడితే ఆ ఫోల్డర్ మాయం. అప్‌గ్రేడ్ వల్ల వచ్చిన ఫోల్డరైతే 10 రోజుల తర్వాత విండోసే తీసేస్తుంది.

అపోహ: సి డ్రైవ్ పోతే పోనీ, నావన్నీ డెస్క్‌టాప్ మీదున్నాయి

డెస్క్‌టాప్ ఉండేదే సి డ్రైవ్‌లో! డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ కూడా. లాడ్జి రిసెప్షన్‌లో రూముల లెక్క ఎక్సెల్ షీటు ఎక్కడుంటుంది? డెస్క్‌టాప్ మీద. యూనివర్సిటీలో రీసెర్చ్ చేసే అమ్మాయి థీసిస్? డెస్క్‌టాప్ మీద, "ఫైనల్", "ఫైనల్ న్యూ", "ఫైనల్ లాస్ట్" అని మూడు పేర్లతో.

అది కంటికి కనిపిస్తుంది కాబట్టి కాపీ అయినా చేస్తారు. కనిపించనివాటితోనే చిక్కు.

మన దగ్గర పెళ్ళిపత్రికలు, కరపత్రాలు కొట్టే డీటీపీ షాపులు ఇంకా పేజ్‌మేకర్ అనే పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్, అను అనే తెలుగు ఫాంట్ల మీద నడుస్తున్నాయి. పత్రికల ఫైళ్ళన్నీ జాగ్రత్తగా కాపీ చేసి, కొత్త విండోస్‌లో తెరిస్తే తెలుగు ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, బ్రాకెట్లు కలిసిన పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఓనర్‌కి చెమటలు పడతాయి. ఫైలు పాడవలేదు. అను ఫాంట్లు యూనికోడ్‌వి (ప్రతి భాష అక్షరానికీ సొంత స్థానం ఇచ్చే పద్ధతివి) కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లోనే తెలుగు బొమ్మలు పెట్టుకున్న ఫాంట్లవి. ఆ ఫాంటు లేకపోతే ఆ స్థానంలో ఉన్న ఇంగ్లీషు అక్షరమే బయటపడుతుంది. ఫాంట్లుండేది సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల కాబట్టి పాత విండోస్‌తో పాటే పోయాయి. ముందే ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కాపీ చేసి పెట్టుకుంటే పది నిమిషాల పని. లేకపోతే పదేళ్ళ క్రితం ఇన్‌స్టాల్ చేసిన సీడీ కోసం గాంధీ రోడ్డంతా తిరగాలి.

ట్యాలీ ఇంకొకటి. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల అకౌంటెంట్లకి తోతాపురి సీజన్‌లో ఒక్కరోజు డేటా పోయినా రైతుల బిల్లులు తారుమారవుతాయి. ట్యాలీప్రైమ్ డేటా చాలా సిస్టమ్‌లలో యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది, డాక్యుమెంట్స్‌లో కాదు. పాత ట్యాలీ ఈఆర్‌పీ 9 అయితే సి డ్రైవ్‌లో ట్యాలీ ఫోల్డర్ లోపలే డేటా అని ఉంటుంది. మనవాళ్ళు మీ పేరున్న ఫోల్డర్ కాపీ చేసుకుని, పక్కనే ఉన్న పబ్లిక్‌ని వదిలేస్తారు. ఊహించడం ఎందుకు? ట్యాలీలో కంపెనీ సెలెక్ట్ చేసే స్క్రీన్ మీదే డేటా దారి కనిపిస్తుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. అంకెల పేర్లతో ఉండే ఫోల్డర్లే మీ కంపెనీలు. కాపీ చేశాక ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చివరి వోచర్ కనిపిస్తోందో లేదో చూడండి. తెరిచి చూడని కాపీని నేను కాపీ అని అనను.

క్రోమ్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌ల సంగతి కూడా ఇంతే. ప్రొఫైల్ ఫోల్డర్ కాపీ చేస్తే వచ్చేస్తాయనుకుంటారు, రావు. అవి ఆ విండోస్ లాగిన్‌కి ముడిపెట్టి ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన కోడ్‌గా మారి, ఉంటాయి. ముందే గూగుల్ ఖాతాకి సింక్ చేయాలి, లేదా ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. అవుట్‌లుక్ వాడేవాళ్ళు మెయిళ్ళు దాచే పీఎస్‌టీ ఫైలు ఎక్కడుందో వెతికి పెట్టుకోండి. జీఎస్టీ కోసం డిజిటల్ సిగ్నేచర్ వాడేవాళ్ళు మాత్రం ఊరికే టెన్షన్ పడతారు. సర్టిఫికెట్ ఆ యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది, దాన్ని విండోస్‌కి పరిచయం చేసే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మళ్ళీ వేసుకుంటే చాలు.

అపోహ: డి డ్రైవ్‌లో పెడితే బ్యాకప్ అయినట్టే

సి, డి అనేవి చాలా కంప్యూటర్లలో ఒకే బీరువాలో రెండు అరలు. డిస్కు చెడితే రెండూ పోతాయి.

పైగా పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసినప్పుడు సెటప్‌లో సి, డి అనే అక్షరాలు కనిపించవు. "డ్రైవ్ 0 పార్టిషన్ 3" అని, పక్కన సైజు ఉంటుంది. ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన కొత్తరకం డిస్కు), హార్డ్ డిస్కు రెండూ ఉంటే ఏది 0, ఏది 1 అనేది మనం అనుకున్నట్టు ఉండకపోవచ్చు. అందుకే విండోస్ పనిచేస్తున్నప్పుడే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సైజులతో సహా ఫోటో తీసుకోండి. డెస్క్‌టాప్ సిస్టమ్ అయితే ఇంకా మంచిది, డేటా ఉన్న రెండో డిస్కు కేబుల్ పీకి పక్కన పెట్టండి. పీకిన డిస్కుని ఎవరూ ఫార్మాట్ చేయలేరు.

ఇక్కడే ఇంకో ప్రమాదముంది. "ఈ డిస్కులో ఎమ్‌బీఆర్ పార్టిషన్ టేబుల్ ఉంది, విండోస్ వేయలేము" అని సెటప్ మొండికేస్తుంది. పార్టిషన్ టేబుల్ అంటే డిస్కులో ఏ అర ఎక్కడుందో చెప్పే పట్టీ, ఎమ్‌బీఆర్ దాని పాత పద్ధతి, జీపీటీ కొత్తది. యూట్యూబ్‌లో వెతికితే షిఫ్ట్, ఎఫ్10 నొక్కి, డిస్క్‌పార్ట్ అనే కమాండ్ టూల్‌లో "క్లీన్" కొట్టమని చెప్పే వీడియో దొరుకుతుంది. ఆ కమాండ్ సి డ్రైవ్‌ని కాదు, మొత్తం డిస్కు పార్టిషన్ టేబుల్‌ని తుడుస్తుంది. డి, ఈ అన్నీ ఒక్క దెబ్బకి పోతాయి. వీడియోలో ఆ ముక్క చెప్పరు, చెప్పినా వీడియో చివర్లో. ఎమ్‌బీఆర్‌ని జీపీటీకి డేటా పోకుండా మార్చడానికి విండోస్ 10, 11లలోనే "ఎమ్‌బీఆర్ 2 జీపీటీ" అనే టూలుంది. ముందు వ్యాలిడేట్ (మార్చడం కుదురుతుందా అని పరీక్ష) చేసి, సరే అంటేనే కన్వర్ట్ చేయండి. అప్పుడు కూడా కాపీ చేతిలో ఉంచుకునే.

అపోహ: సెటప్‌లో డిస్కే కనపడట్లేదంటే అది చచ్చినట్టే

ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎమ్‌డీ (డిస్కుని ఇంటెల్ సొంత డ్రైవర్‌తో నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటుంది, ఆ డ్రైవర్ లేకపోతే సెటప్‌కి డిస్కు కనపడదు. ఇంటెల్ స్టోరేజ్ డ్రైవర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని "లోడ్ డ్రైవర్" దగ్గర చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. కొత్త డిస్కు కొనమని ఎవరైనా అంటే ముందు ఇది చేశారా అని అడగండి.

అపోహ: వన్‌డ్రైవ్ ఉంది కదా, అన్నీ అందులోనే ఉంటాయి

ఉచితంగా ఇచ్చేది 5 జీబీ. అది నిండాక సింక్ ఆగిపోతుంది, మూలన వచ్చే హెచ్చరికని అందరూ కొట్టేస్తారు. ఇంకోటి, మబ్బు గుర్తున్న ఫైలు మీ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

అసలు ప్రశ్న ఏంటంటే, ఆ ఖాతా ఎవరిది? కొన్నప్పుడు షాపు కుర్రాడు ఏదో ఈమెయిల్ పెట్టి సెటప్ చేసిచ్చి ఉంటాడు. దాని పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఇది ఫోటోలతో ఆగే వ్యవహారం కాదు. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే చాలా మెషీన్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అయి ఉంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఏదైనా మార్చినా, మదర్‌బోర్డు మార్చినా, డిస్కు తీసి ఇంకో సిస్టమ్‌కి పెట్టినా, ఆ ఎన్‌క్రిప్షన్ తాళం తీసే 48 అంకెల బిట్‌లాకర్ రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ సాధారణంగా ఆ ఖాతాలోనే దాగి ఉంటుంది. కీ లేకపోతే డిస్కు బ్రహ్మాండంగా పనిచేస్తున్నా లోపలి ఫైళ్ళు అందవు. నా దగ్గరే కాదు, చెన్నై తీసుకెళ్ళినా అంతే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందా చూసి, ఉంటే ఆ కీని కాగితం మీద రాసిపెట్టుకున్నాకే స్క్రూడ్రైవర్ పట్టుకోనివ్వండి.

అపోహ: పోయినా ఫర్వాలేదు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగేయొచ్చు

పాత హార్డ్ డిస్కుల రోజుల మాట ఇది. అక్కడ క్విక్ ఫార్మాట్ అంటే ఫైళ్ళ పట్టీ చెరిపేయడమే, అసలు డేటా దాని మీద ఇంకోటి రాసేదాకా ఉంటుంది. ఎస్ఎస్‌డీలో ట్రిమ్ అనే పద్ధతి ఉంది. ఖాళీ అయిన చోట్లు ఇవీ అని విండోస్ డిస్కుకి చెప్పేస్తుంది, డిస్కు వాటిని తనే శుభ్రం చేసుకుంటుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌కీ దొరకదు. హార్డ్ డిస్కే అయినా, పోయిందని తెలిసిన నిమిషంలో సిస్టమ్ ఆపేయండి. రికవరీ సాఫ్ట్‌వేర్‌ని అదే డిస్కు మీద దించడం అన్నిటికంటే పెద్ద తప్పు.

అపోహ: స్లో అయింది, ఫార్మాట్ చేస్తే కొత్తదానిలా పరిగెడుతుంది

ముందు డిస్కు ఆరోగ్యం చూడండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్‌లో "కాషన్" అని పసుపు రంగు కనిపిస్తే, ఆ డిస్కు మీద మళ్ళీ విండోస్ వేయడం ఉన్న డేటాని చేజేతులా చంపుకోవడమే. విండోస్ పైకి రాకపోతే ఉబుంటు అనే ఉచిత ఓఎస్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" ఎంచుకుని, ఫైళ్ళు ఎక్స్‌టర్నల్ డిస్కులోకి లాగేయొచ్చు.

కాస్త డబ్బు పెట్టగలిగితే నా సలహా ఎప్పుడూ ఒకటే. పాత హార్డ్ డిస్కు తీసేసి, కొత్త ఎస్ఎస్‌డీ పెట్టి, విండోస్ దాని మీద వేయించుకోండి. వేగం నిజంగా పెరిగేది దానివల్లే. పాత డిస్కుని ఒక యూఎస్‌బీ కేస్‌లో పెట్టి, మరిచిపోయినవి గుర్తొచ్చినప్పుడల్లా అందులోంచి తీసుకోండి. మరిచిపోయినవి తప్పకుండా ఉంటాయి. ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్ కీ గురించి భయం వద్దు. విండోస్ 8 నుంచి అది మదర్‌బోర్డులోనే ఉంటుంది, నెట్ కలపగానే దానంతటదే యాక్టివేట్ అవుతుంది.

అపోహ: విండోస్ వేస్తే వైరస్ పీడ విరగడవుతుంది

ఫార్మాట్ చేసి వేస్తే సి డ్రైవ్‌లోది పోతుంది. డి డ్రైవ్‌లో, జిరాక్స్ షాపులన్నీ తిరిగొచ్చిన మీ పెన్‌డ్రైవ్‌లో ఉన్నది మళ్ళీ వస్తుంది. రాన్‌సమ్‌వేర్ (ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్) లాక్ చేసిన ఫైళ్ళైతే ఫార్మాట్ చేసినా తెరుచుకోవు, అలాగని పారేయొద్దు. 2016లో యూరోపోల్, డచ్ పోలీసులు కలిసి మొదలుపెట్టిన "నో మోర్ రాన్‌సమ్" సైట్‌లో కొన్ని రకాలకి ఉచిత తాళాలు దొరుకుతాయి. ఈరోజు లేనిది తర్వాత రావచ్చు.

అపోహ: గంటలో అయిపోయే పనే కదా

విండోస్ వేయడం వరకూ నిజమే, ఎస్ఎస్‌డీ మీద అరగంట కూడా పట్టదు. కాపీ సంగతి వేరు. 300 జీబీ డేటా హార్డ్ డిస్కు నుంచి సెకనుకి 100 ఎమ్‌బీ చొప్పున ఎక్కడా ఆగకుండా వచ్చినా 50 నిమిషాలు. ఫోన్ ఫోటోల్లాంటి చిన్న ఫైళ్ళు వేలల్లో ఉంటే ఆ వేగం రాదు, డిస్కు మొరాయిస్తుంటే అసలే రాదు. మధ్యలో కరెంటు పోతే ఇంకా ఆలస్యం. కాబట్టి బ్రహ్మోత్సవాల ముందురోజు రాత్రి షట్టర్ దించే వేళకి లాడ్జి కంప్యూటర్ తెచ్చి, "పొద్దున్నే ఆరుకల్లా కావాలన్నా" అంటే, ఆ రాత్రికి బిల్లింగ్ ఇంకో సిస్టమ్ మీద పెట్టుకోమనే చెప్తాను.