వేరే కంపెనీ ఫొటో పేపర్‌కి రంగులు కుదరాలంటే

ఎప్సన్ ఎల్805 ప్రింటర్‌లో వేరే కంపెనీ గ్లాసీ పేపర్ పెడితే మొహాలు ఎర్రగా వస్తున్నాయని, ఆ పేపర్ కంపెనీ ఇచ్చిన ఐసీసీ ప్రొఫైల్ (ఆ పేపర్ మీద రంగులు సరిగ్గా రావడానికి ప్రింటర్‌కి ఏం పంపాలో చెప్పే ఫైలు) వాడినా మార్పు లేదని ఒక స్టూడియో మిత్రుడు అడిగారు. పేపర్ నాసిరకమా అని ఆయన అనుమానం.

పేపర్‌ని అనుమానించే ముందు ఆ ప్రొఫైల్ దేన్ని కొలిచిందో చూడాలి. ప్రొఫైల్ తయారు చేసేటప్పుడు కలర్ మేనేజ్‌మెంట్ (సాఫ్ట్‌వేర్ రంగుల్ని సర్దడం) ఆపేసి, వందల రంగు గళ్లున్న చార్టును ప్రింట్ చేస్తారు. బాగా ఆరాక ఒక్కో గడినీ రంగును కొలిచే స్పెక్ట్రోఫొటోమీటర్‌తో చదివి, దాని ల్యాబ్ (L*a*b*) విలువ రాసుకుంటారు. కంటికి కనిపించే రంగును అంకెల్లో చెప్పే ఈ ల్యాబ్ పద్ధతి 1976 నాటిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలుగా 128, 128, 128 అని ప్రింటర్‌కి పంపితే ఈ పేపర్ మీద కాస్త ఎర్రజీర ఉన్న బూడిద రంగు పడింది అనుకుందాం. ప్రొఫైల్ దాన్ని తిరగేసి చెబుతుంది: అచ్చమైన బూడిద కావాలా, అయితే 122, 129, 131 పంపు. ఇలాంటి జవాబులన్నీ మూడు దిక్కులా అల్లిన వలలాంటి పట్టికలో ఉంటాయి. దిక్కుకు 33 ముడులుంటే మొత్తం 35,937. ముడుల మధ్య పడే రంగుల్ని చుట్టూ ఉన్న ముడుల నుంచి లెక్కగడతారు.

నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది దీని తర్వాతి మెట్టు. ప్రొఫైల్ పంపేది మూడు అంకెలే. ప్రింటర్‌లో ఉన్నవి ఆరు ఇంకులు. ఏ ఇంకు ఎంత చల్లాలో తేల్చేది డ్రైవర్, అంటే కంప్యూటర్‌లో ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్. అదీ ప్రింట్ సెట్టింగుల్లో మీరు ఎంచిన మీడియా టైప్‌ని (పేపర్ రకాన్ని) బట్టి. ప్లెయిన్ పేపర్ అంటే తక్కువ ఇంకు, గ్లాసీ అంటే ఎక్కువ. అంటే మీడియా టైప్ మారితే అవే 122, 129, 131కి ఇంకో మోతాదు పడుతుంది. ఒకరి కంటికి చేసిన కళ్లజోడు ఇంకొకరు పెట్టుకున్నట్టే.

అందుకే పేపర్ కంపెనీలు ప్రొఫైల్‌తో పాటు ఏ మీడియా టైప్ ఎంచాలో కూడా రాస్తాయి. చాలాసార్లు అది ప్రింటర్ కంపెనీ సొంత పేపర్ పేరే. "నా పేపర్ అది కాదు కదా" అని సందేహించి జనం ఇంకోటి నొక్కుతారు. చార్టు అచ్చయింది ఆ సెట్టింగుతోనే కాబట్టి అదే ఎంచాలి. ఫొటోగ్రఫీ నేర్పేవాళ్లు ఈ ఒక్క సంగతి బోర్డు మీద రాసి చెప్పాలని నా కోరిక.

మా మిత్రుడి ఎరుపుకి కారణం మాత్రం డబుల్ కరెక్షన్. ఫొటోషాప్ ప్రొఫైల్‌తో ఒకసారి సరిచేసింది, డ్రైవర్ తన వంతుగా మళ్లీ సరిచేసింది. డ్రైవర్‌లో 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' పెట్టగానే మొహాలు మొహాల్లా వచ్చాయి.

వేరే కంపెనీ పేపర్ పెడితే ఇంకు చల్లే హెడ్ పాడవుతుందనే భయం కూడా స్టూడియోల్లో గట్టిగా ఉంది. హెడ్ పేపర్‌ని తాకకుండా పైనుంచి వెళుతుంది. మరీ మందంగా ఉన్నా, అంచులు లేచినా రాసుకోవచ్చు. దానికి బ్రాండ్‌తో సంబంధం లేదు.

ఇంకు సంగతి అలా కాదు. ట్యాంకులో లోకల్ రీఫిల్ ఇంకు ఉంటే, ఒరిజినల్ ఇంకుతో తయారైన ప్రొఫైల్‌ని నమ్మడానికి లేదు. మీ ఇంకుతో, మీ పేపర్ మీద చార్టు వేసి, ఆరాక కొలిపించి కొత్తది చేయించుకోవాలి. ఇంకు మార్చిన ప్రతిసారీ మళ్లీ ఇదే పని.