లాబీయిస్టుల రాతలు: అపోహలు - వాస్తవాలు

ఒక సంస్థ లేదా వర్గం తరఫున చట్టసభల సభ్యులను కలిసి, చట్టాలు తమకు అనుకూలంగా ఉండేలా ప్రయత్నించడమే లాబీయింగ్; ఆ పని చేసేవారు లాబీయిస్టులు. అలా సభ్యులకు అందించే విధాన పత్రాలు రాయడం నా వృత్తి. ఆ పనిపై తరచూ వినవచ్చే అపోహల్లో కొన్నింటిని ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: లాబీయింగ్ అంతా లోపాయికారీ బేరమే, రాతతో పనేముంది?

వాస్తవం: డబ్బు పాత్ర చిన్నదేమీ కాదు. అమెరికాలో సమాఖ్య స్థాయిలో అధికారికంగా చూపిన లాబీయింగ్ వ్యయమే 2022లో 400 కోట్ల డాలర్లు దాటింది. అయినా సభ్యుడి కార్యాలయంలోకి వెళ్లినవారు తిరిగి వచ్చేటప్పుడు బల్లమీద వదిలి వచ్చేది ఒక కాగితమే.

అపోహ: వ్యతిరేకుల మనసు మార్చడానికే ఈ పత్రాలు.

వాస్తవం: అవి ఎక్కువగా చేరేది ముందే సానుకూలంగా ఉన్నవారికి. రిచర్డ్ హాల్, అలన్ డియర్‌డార్ఫ్ అనే పరిశోధకులు 2006లో లాబీయింగ్‌ను సభ్యుడికి అందే ఒక సబ్సిడీగా విశ్లేషించారు. సమయమూ సిబ్బందీ చాలని సభ్యుడికి గణాంకాలు, సవరణ పాఠం, సభలో అడగదగిన ప్రశ్నలు సిద్ధంగా దొరికితే, తాను నమ్మిన విషయంపైనే మరింత పని చేయగలుగుతాడు.

అపోహ: పదునైన, ఆవేశభరితమైన భాషే గెలుస్తుంది.

వాస్తవం: మంచి పత్రం ఒక్క పేజీ దాటదు, దాని మొదటి వాక్యమే కోరికను చెబుతుంది. ఉదాహరణకు, "నాలుగో సెక్షన్‌లో '50 మంది ఉద్యోగులు' అన్నచోట '100 మంది' అని సవరించాలి" అని రాస్తే, ఎన్ని సంస్థలు ఆ చట్టం పరిధి నుంచి తప్పుకుంటాయో ఆ ఒక్క అంకె నిర్ణయిస్తుంది. ఆ తర్వాత సభ్యుడి సొంత నియోజకవర్గంపై పడే ప్రభావం, ఖజానాపై పడే భారం, చివరగా ఎదుటి పక్షపు వాదన వస్తాయి. ఆ వాదనను బలహీనపరచి రాయకూడదు, ఎందుకంటే వారి పత్రం కూడా అదే బల్లమీదకు చేరుతుంది. మనమిచ్చిన తప్పుడు అంకె చదివి సభ్యుడు సభలో తలదించుకోవలసి వస్తే, ఆ కార్యాలయం మన మాటను మళ్లీ నమ్మదు.

అపోహ: ఒకే నమూనా ఉత్తరాన్ని వేలమంది చేత పంపిస్తే చాలు.

వాస్తవం: సిబ్బంది వాటిని లెక్కగట్టి పక్కన పెడతారు. స్వానుభవంతో రాసిన ఉత్తరాన్ని చదువుతారు.

అపోహ: లాబీయిస్టుల నివేదికలు చూస్తే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: 1995 నాటి అమెరికా చట్టం ప్రకారం లాబీయిస్టులు ఎవరి తరఫున, ఏ అంశాలపై పనిచేశారో వెల్లడించాలి, 2007 సవరణతో ఆ నివేదికలు మూడు నెలలకొకసారి ఇవ్వవలసినవయ్యాయి. కానీ సభ్యులకు ఇచ్చిన పత్రాల పాఠాన్ని వాటికి జతచేయనక్కరలేదు. ఫలానా సవరణలోని వాక్యం ఎవరి కలం నుంచి వచ్చిందో పౌరులు తెలుసుకోవడానికి ఆ పాఠమే ఆధారం కనుక, దాన్ని తప్పనిసరిగా జతచేయాలని ఈ వృత్తిలో ఉంటూనే నేను కోరుతున్నాను.